మానిన మూడవనాడు

తాటిచెట్టు మీదినుండి పడి కాలు విరిగిన మనిషిని ఆసుపత్రిలో చేర్పించారనుకోండి. కట్టు కట్టారు. మొదటి రోజు నిమ్మళముగానే గడిచింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి చేతులు వణుకుతున్నవి, మంచినీళ్ల గ్లాసు తొణకకుండా నోటిదాకా పోవడము లేదు. రెండవరోజు ఒకసారి మూర్ఛ వచ్చింది. మూడవనాటికి మనిషి మనిషిగా లేడు. తానున్నది ఆసుపత్రి అని తెలియదు. దుప్పటి మీద లేని పురుగులను దులుపుతున్నాడు. ఒళ్లు కాలిపోతున్నది, గుండె దడదడ కొట్టుకుంటున్నది. గాలి సోకిందని ఇంటివారు అంటారు. తలకు దెబ్బ తగిలి ఉంటుందని పక్కమంచము వారు అంటారు. అసలు సంగతి వేరు. అతడు ఏళ్లతరబడి రోజూ తాగేవాడు. కాలు విరిగిన నాటినుండి చుక్క ముట్టలేదు.

ఇటువంటి రోగులను వైద్యులు శతాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. కాని ఈ వ్యాధికి కారణము తాగడమా, తాగడము మానడమా అన్న ప్రశ్నకు గట్టి సమాధానము దొరికేసరికి 1955 వచ్చింది. ఇది పండితులు పొద్దుపోక వేసుకున్న ప్రశ్న కాదు. తాగడమే కారణమైతే రోగి చేతిలోని సీసా లాగివేసి, గదిలో పెట్టి తాళము వేయడమే వైద్యమవుతుంది. మానడము కారణమైతే ఆ తాళమే అతని ప్రాణము తీయవచ్చును.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును బొత్తిగా ఎరుగనివారు కారు. చరకసంహితలో మదాత్యయమునకు ఒక అధ్యాయమే కేటాయించబడినది. మద్యమువలన పుట్టిన రోగమునకు విధిప్రకారము ఇచ్చిన మద్యమే ఉపశమనమని అందులో ఉన్నది. అదే గ్రంథము సూత్రస్థానములో, అలవాటుపడిన చెడ్డ పదార్థమునైనా ఒక్కసారిగా కాక పాదము పాదముగా, అనగా నాలుగవ వంతు చొప్పున, విడిచిపెట్టవలెనన్న నియమము కనబడుతుంది. దీనిని చూపి మనవారికి అంతా ముందే తెలుసునని చెప్పుకోవడము తగదు. మెదడులో ఏమి జరుగుతున్నదో వారికి తెలిసే సాధనము లేదు. అలవాటును తటాలున తెంచితే శరీరము తిరగబడుతుందన్న అనుభవము మాత్రము వారికి ఉన్నది.

పాశ్చాత్య వైద్యములో ఈ వ్యాధికి పేరు పెట్టినవాడు థామస్ సట్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు. అతడు పనిచేసిన కెంట్ సీమ సముద్రతీరము దొంగరవాణా సారాకు పేరుబడినది. వణుకుతో, సంధిమాటలతో వచ్చే రోగులను ఆనాటి వైద్యులు మెదడువాపు రోగులుగా లెక్కకట్టి రక్తము తీసేవారు. అట్లా రక్తము తీసిన రోగులు క్షీణించిపోవడము, నల్లమందు ఇచ్చి నిద్రపుచ్చిన రోగులు కోలుకోవడము సట్టన్ గమనించాడు. ఇది మెదడువాపు కాదు, వేరే వ్యాధి అని 1813లో ఒక గ్రంథము ప్రకటించి, దానికి డెలీరియం ట్రెమెన్స్ అని లాటిను పేరు పెట్టాడు. వణుకుతో కూడిన ఉన్మాదమని దాని అర్థము. తెలుగులో కంపోన్మాదము అనవచ్చును. ఆ ఏడే శామ్యూల్ బర్టన్ పియర్సన్ అనే మరొక వైద్యుడు ఇదే వ్యాధిని వర్ణించాడు. మద్యముతో దీనికి ఉన్న సంబంధమును 1819లో ఫ్రెంచి వైద్యుడు రేయే స్థిరపరిచాడు.

కంపోన్మాదపు రోగి ప్రవర్తనను ఆనాటి వైద్యులు ఓపికగా గమనించి వ్రాసిపెట్టారు. అతనికి కనబడేవి చాలావరకు కదిలే చిన్నప్రాణులు: చీమలు, ఎలుకలు, పాములు. చాలమంది రోగులు తమ వృత్తిపనిలోనే మునిగి ఉంటారు. దర్జీ లేని సూదిలో లేని దారము ఎక్కిస్తాడు. బండివాడు లేని ఎద్దులను అదిలిస్తాడు. తెల్లకాగితము చేతికిచ్చి చదవమంటే గడగడ చదివేవారు కూడ ఉన్నారు. చూచేవారికి నవ్వు రావచ్చును గాని, సరియైన చికిత్స లేని రోజులలో ఈ స్థితికి వచ్చినవారిలో నూటికి 35 మంది వరకు మరణించేవారు.

పేరు వచ్చినా కారణము తేలలేదు. మద్యము ఒంటిలో పేరుకొని విషమై, ఒకనాడు మెదడుమీద తిరగబడుతుందని ఎక్కువమంది నమ్మారు. తాగుడు ఆగినందువలననే వ్యాధి వస్తున్నదని కొందరు వాదించారు. జైలులో పడి మద్యము లేకుండపోయిన తాగుబోతులందరికీ ఇది రావడము లేదు కదా అని మొదటివారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణ తేలికగా తీసివేయదగినది కాదు. ఎంతకాలము, ఎంత తాగారన్నది లెక్కలోకి తీసుకోకపోవడమే అందులోని లోపము. బీ1 విటమిను ప్రయోగశాలలో తయారైన 1936 తరువాత మూడవ వాదము బయలుదేరింది: తాగుబోతు సరిగా అన్నము తినడు గనుక ఇది పోషకలోపమువలన వచ్చే జబ్బని. ఇందులోనూ కొంత నిజము ఉన్నది. బీ1 లోపమువలన తాగుబోతులకు చూపు, నడక, తెలివి చెడే వ్యాధి వస్తుందని, దానిని 1881లోనే వెర్నికే వర్ణించాడని తరువాత తేలింది. కాని అది వేరు, ఇది వేరు.

చిక్కు విడదీసే పని బోస్టనులో మొదలైంది. విక్టర్, ఆడమ్స్ అనే ఇద్దరు నాడీవైద్యులు అక్కడి నగర ఆసుపత్రికి వరుసగా వచ్చిన 266 మంది మద్యరోగులను పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. ఆఖరి గుక్క ఎప్పుడు తాగారన్నది గుర్తించి, అక్కడినుండి గంటలు లెక్కపెట్టడమే వారు చేసిన పని. దానితో ఒక క్రమము బయటపడింది. మానిన ఆరు, ఎనిమిది గంటలకు వణుకు, చెమట, వాంతులు, గాభరా. కొందరికి మొదటి రోజులోనే భ్రాంతులు. మూర్ఛలు చాలావరకు 7 మొదలు 48 గంటల లోపల. కంపోన్మాదము రెండవరోజు దాటిన తరువాత. కంపోన్మాదము వచ్చినవారు నూటికి అయిదుగురే. తక్కినవారికి బాధ వణుకుతోనో, నిద్రలేమితోనో కొద్దిరోజులలో సద్దుమణిగింది.

అయినా ఈ రోగులు సరిగా తినక వచ్చినవారే గదా అన్న సందేహము మిగిలింది. దానిని తీర్చినది అమెరికాలోని కెంటకీ రాష్ట్రములో, లెక్సింగ్టన్ పట్టణములోని ప్రభుత్వ ఆసుపత్రి. మాదకద్రవ్యాలకు బానిసలైన ఖైదీలకోసము 1935లో తెరచిన ఆ ఆసుపత్రిలో హారిస్ ఇస్బెల్, అతని సహచరులు పదిమందికి రోజూ మద్యము ఇచ్చారు. అందరూ పూర్వము మార్ఫీను అలవాటు ఉన్నవారే. మంచి భోజనము పెట్టారు, విటమినులు ఇచ్చారు. నలుగురు 7 మొదలు 34 రోజులలో విరమించుకున్నారు. వారికి వచ్చినది కొద్దిపాటి వణుకు, వికారము. ఆరుగురు 48 మొదలు 87 రోజులు తాగారు. మద్యము ఒక్కసారిగా ఆపగానే ఆ ఆరుగురికీ తీవ్రమైన బాధలు కలిగినవి. ఇద్దరికి మూర్ఛలు, ముగ్గురికి ఉన్మాదము వచ్చినవి. కడుపునిండ తిన్నవారికి, మద్యము ఆగిన తరువాతనే ఈ బాధ వచ్చింది. ఎంత ఎక్కువకాలము తాగితే అంత తీవ్రముగా వచ్చింది. 1955లో అచ్చయిన ఈ పరిశోధనతో నూటనలభై ఏళ్ల వివాదము ముగిసింది.

ప్రయోగము గొప్పదే. కాని ఖైదీ ఇచ్చిన సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛతో ఇచ్చినదన్న ప్రశ్న దానిని వదలలేదు. అక్కడ ఖైదీలపై పరిశోధనలు 1970ల మధ్యలో నిలిపివేయబడినవి.

మద్యము ఆగినంతమాత్రాన మెదడు ఇంతగా ఎందుకు రేగుతుంది? మెదడులో నరకణాలను శాంతింపజేసే గాబా అనే రసాయనము, ఉద్రేకింపజేసే గ్లూటమేటు అనే రసాయనము ఎదురెదురుగా పనిచేస్తూ ఉంటవి. మద్యము మొదటిదానికి బలము చేకూర్చి, రెండవదానిని అణచుతుంది. ఏళ్లతరబడి ఇట్లా జరిగితే మెదడు ఊరుకోదు. సరిచూచుకొనడానికి ఉద్రేకపక్షమును పెంచుకుంటూ పోతుంది. తాడులాగే పందెములో ఒక పక్షము హఠాత్తుగా తాడు వదలితే రెండవ పక్షము వెల్లకిలా పడినట్లు, మద్యము ఆగినవెంటనే పెరిగిన ఉద్రేకము అడ్డులేక విరుచుకుపడుతుంది. వణుకు, మూర్ఛ, ఉన్మాదము దాని మెట్లు. పలుమార్లు మాని పలుమార్లు మొదలుపెట్టిన వారిలో ఈ బాధ సారిసారికీ ముదరవచ్చునని కూడ తేలింది.

ఇక్కడ ఒక వింత ఉన్నది. నల్లమందు, మార్ఫీను మానినవారి బాధ చూడడానికి మరింత ఘోరముగా ఉంటుంది. ఆవులింతలు, కళ్లవెంట ముక్కువెంట నీరు, గగుర్పాటు, కడుపునొప్పి, విరేచనాలు. లెక్సింగ్టనులోనే 1930లలో హిమ్మెల్స్‌బాక్ ఒక్కొక్క లక్షణానికి ఇన్ని మార్కులని వేసి కొలిచాడు. తక్కిన ఆరోగ్యము బాగున్న పెద్దవారికి ఆ బాధ ఒక్కటే ప్రాణము తీయడము అరుదు. అంగడిలో బహిరంగముగా అమ్మే మద్యము, నిద్రమాత్రలు హఠాత్తుగా మానినప్పుడే ప్రాణభయము ఎక్కువ. నిద్రకిచ్చే బార్బిట్యురేటు మందులు ఆపినా మూర్ఛలు, ఉన్మాదము వస్తవని ఇస్బెల్ బృందము 1950లోనే చూపింది.

కారణము తేలిన తరువాత చికిత్సకు దారి ఏర్పడింది. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసి పక్కనపెట్టిన ఒక పదార్థము 1957లో, ప్రయోగశాల సర్దుతుండగా బయటపడింది. అదే క్లోర్‌డయజెపాక్సైడు, 1960లో లిబ్రియం పేరుతో అంగడికి వచ్చింది. ఇదీ గాబాకు బలము చేకూర్చేదే. తాడు ఒక్కసారిగా వదలకుండ కొద్దికొద్దిగా సడలించినట్లు, మోతాదు దినదినము తగ్గిస్తూ పోవచ్చును. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో 537 మంది రోగులపై నాలుగు మందులను, ఉత్తుత్తి మాత్రలను పోల్చిచూచి 1969లో ప్రకటించిన ఫలితాలలో, మూర్ఛలు, ఉన్మాదము అతితక్కువగా వచ్చినది ఈ మందు తీసుకున్నవారికే. దీనితోపాటు బీ1 విటమిను సూది, నీరు, లవణాలు, నిదానమైన పరిచర్య కలిసి మరణాలను నూటికి అయిదుకు లోపుగా తెచ్చినవి. ఈ మందుకే అలవాటుపడే ప్రమాదము ఉన్నది గనుక వైద్యుని కనుసన్నలలోనే వాడవలసి ఉంటుంది.

ఆ సంగతి తెలంగాణ పల్లెలకు అనుభవములోకి వచ్చింది. కల్లులో డయజెపాము, ఆల్ప్రజోలాము, క్లోరల్ హైడ్రేటు కలిపి అమ్మడము అక్కడ చాలాకాలముగా ఉన్న జాడ్యము. 2015లో కల్తీపై దాడులు జరిగి ఆ మందులు కలపడము తగ్గగానే, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో మూర్ఛలతో, పిచ్చిచేష్టలతో జనము ఆసుపత్రులకు వచ్చారు. తాము తాగుతున్నది కల్లు మాత్రమే అనుకున్నవారు, దేనిని మానినందుకు ఈ జబ్బు వచ్చిందో చెప్పలేకపోయారు.

2020 మార్చి 25న దేశమంతటా అంగళ్లు మూతపడ్డవి. ఆ వారములోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు కూడ తమ ఆసుపత్రిలో తీవ్రమైన విరమణ రోగులు పెరిగినట్లు లెక్కలు ప్రకటించారు. కేరళ ప్రభుత్వము వైద్యుని చీటీ తెచ్చినవారికి మద్యము సరఫరా చేయవచ్చునని ఉత్తర్వు ఇచ్చింది. రోగికి ఇవ్వవలసినది మందు గాని మద్యము కాదని వైద్యులు అభ్యంతరము చెప్పారు. ఏప్రిల్ మొదటి వారములో ఆ రాష్ట్ర హైకోర్టు ఉత్తర్వును నిలిపివేసింది.