పది లక్షల్లో వంద పాళ్ళు

సికింద్రాబాద్ నుంచి వచ్చే సిటీ బస్సు కండక్టరు "ఈసీఐఎల్, ఈసీఐఎల్" అని అరుస్తాడే గాని ఎన్‌ఎఫ్‌సీ పేరెత్తడు. తపాలా చిరునామాలో కూడా ఈసీఐఎల్ పోస్టు అనే రాసుకోవాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. పక్క సంస్థ వాళ్ళు టీవీలు చేశారు, ఓటింగు యంత్రాలు చేశారు. ఆ సరుకు ఇళ్ళలోకీ, పోలింగు బూత్‌లలోకీ వెళ్ళింది. న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) సరుకేమో రావత్‌భాటాకో, కల్పాక్కానికో, కైగాకో వెళ్ళి రియాక్టర్లో దిగుతుంది. దిగాక ఇక దాన్ని ఎవరూ చేత్తో ముట్టుకోరు. 1971 నుంచీ ఇక్కడే ఉన్నా, లోపల ఏం చేస్తారో మౌలాలి, కుషాయిగూడ వాళ్ళకే సగం సగం తెలుసు. స్వర్ణోత్సవ సంచికలోనైనా ఆ మిగతా సగం చెప్పుకోవాలి.

ముందు అలవాటుగా వినిపించే ఒక కథను సరిచేయాలి. 1974 మేలో పోఖ్రాన్ అణు పరీక్ష జరిగింది, అప్పటిదాకా సాయం చేస్తున్న కెనడా చేయి వదిలేసింది, అప్పుడు మనవాళ్ళు పట్టుబట్టి అన్నీ సొంతంగా నేర్చుకున్నారు అంటారు. సభల్లో చప్పట్లు రాబట్టే కథ ఇది. తేదీలు మాత్రం ఒప్పుకోవు. పోఖ్రాన్ నాటికే ఎన్‌ఎఫ్‌సీకి మూడేళ్ళు. దాని వేళ్ళు ఇంకా వెనక, ముంబైలోని ట్రాంబే పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. రియాక్టరుకు పనికొచ్చేంత స్వచ్ఛమైన యురేనియం లోహపు తొలి దిమ్మె అక్కడ 1959 జనవరి 30న తయారైంది. మరుసటి ఏడాది జులైలో మొదలైన సైరస్ రియాక్టరు కెనడా సాయంతో వచ్చిందే అయినా, దాని తొలి ఇంధనంలో దాదాపు సగం ట్రాంబేలోనే చేశారు. రాజస్థాన్‌లో మొదటి విద్యుత్ రియాక్టరుకూ అంతే, సగం వాళ్ళది, సగం మనది.

రియాక్టరు ఇచ్చేవాడు ఇంధనం కూడా ఇస్తానంటున్నప్పుడు తెచ్చుకోవడమే సులువు. హోమీ భాభా గానీ, ట్రాంబేలో లోహశాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన బ్రహ్మప్రకాశ్ గానీ ఆ సులువుకు లొంగలేదు. ప్రయోగశాలలో కిలోల లెక్కన చేస్తున్నదాన్ని టన్నుల్లో చేసే కార్ఖానా కావాలన్న నిర్ణయం అరవైల్లోనే జరిగింది. హైదరాబాద్‌లో ఆ పనిని తలకెత్తుకున్న బ్రహ్మప్రకాశ్ 1972లో తిరువనంతపురంలోని అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిపోయారు. ఎన్. కొండల్ రావు సారథ్యంలో కార్ఖానా స్థిరపడింది. అంటే కెనడా ఇంకా ఇస్తుండగానే, ఖజానా డబ్బును అప్పటికి అవసరం పడని పని మీద పెట్టారన్నమాట. ఇవాళ అలాంటి ఫైలు ఎన్ని బల్లల మీద ఆగుతుందో ఊహించుకోవచ్చు. కెనడా వెళ్ళిపోయేసరికి మౌలాలిలో కొలిములు వెలుగుతున్నాయి కాబట్టి రాజస్థాన్ రియాక్టరు ఇంధనం కోసం ఆగాల్సిన పని పడలేదు.

పేరులో ఇంధనం ఉన్నా, ఇక్కడి అసలు కష్టం జిర్కోనియంతో. యురేనియాన్ని పెట్టే గొట్టం మరిగే వేడికి ఆగాలి, నీటిలో తుప్పు పట్టకూడదు. అన్నిటికన్నా ముందు, న్యూట్రాన్లను మింగకూడదు. మింగితే రియాక్టరు నడవదు. ఈ మూడు షరతులకూ జిర్కోనియం సరిపోతుంది. మన సముద్రపు ఇసుకలో దానికి కొదవ లేదు. కేరళలో చవర, తమిళనాడులో మనవాళకురిచ్చి, ఒడిశాలో ఛత్రపూర్ తీరాల ఇసుక నుంచి దాని ఖనిజమైన జిర్కాన్‌ను వేరుచేస్తారు. చిక్కేమిటంటే జిర్కోనియం ఎక్కడుంటే హాఫ్నియం అక్కడే ఉంటుంది, రెండు శాతానికి అటూ ఇటూగా. రసాయనికంగా రెండూ కవల పిల్లలు. ఒకటి చేసే పని రెండోదీ చేస్తుంది, న్యూట్రాన్ల దగ్గర తప్ప. అక్కడ హాఫ్నియం ఆకలి జిర్కోనియం ఆకలికి ఐదారు వందల రెట్లు. అందుకే రియాక్టరుకు వెళ్ళే జిర్కోనియంలో హాఫ్నియం పది లక్షల పాళ్ళలో 100 పాళ్ళకు మించకూడదు.

ఆ వందకు దించడానికే సగం కార్ఖానా. ఇసుకను కాస్టిక్ సోడాతో కలిపి వేడిచేస్తారు, నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావకం జిర్కోనియాన్ని తనలోకి లాక్కుంటుంది, హాఫ్నియం ఆమ్లంలోనే ఉండిపోతుంది. ఒక్కసారికి తేలదు, దశలు దశలుగా తిప్పాలి. తేలిన ఆక్సైడును క్లోరైడుగా మార్చి మెగ్నీషియంతో కలిపితే చిల్లులు చిల్లులుగా లోహం మిగులుతుంది. దాన్నే స్పాంజి అంటారు. స్పాంజికి కాస్త తగరం, ఇనుము, క్రోమియం చేర్చి శూన్యంలో ఆర్కు కొలిమిలో కరిగిస్తే జిర్కలాయ్. ఆ దిమ్మెను ప్రెస్సులో తోసి, పిల్గర్ మిల్లులో మళ్ళీమళ్ళీ సాగదీస్తే అర మిల్లీమీటరు మందం కూడా లేని గోడతో గొట్టం వస్తుంది.

యురేనియం దారి ఇంతకన్నా తిన్ననిది. జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి వచ్చిన పసుపు పొడిని ఆమ్లంలో కరిగించి, అదే ద్రావకంతో శుద్ధిచేసి, చివరికి యురేనియం డయాక్సైడు పొడి తీస్తారు. పొడిని పెల్లెట్లనే చిన్న దిమ్మెలుగా నొక్కి, హైడ్రోజన్ నిండిన కొలిమిలో 1700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కొలిమిలోకి వెళ్ళిన పెల్లెట్ బయటికొచ్చేసరికి కుంచించుకుపోయి, నల్లగా, రాయిలా గట్టిగా ఉంటుంది. వ్యాసం సరిగ్గా కుదిరేలా సానబట్టి, కడిగి, ఒక్కో పెల్లెట్‌నూ చూస్తారు. అంచు పెచ్చు లేచినా, సన్నని పగులు కనబడినా పక్కకు తీసేస్తారు. మంచివాటిని లోపల గ్రాఫైటు పూసిన గొట్టంలోకి ఎక్కించి, రెండు చివరలా మూత వెల్డింగు చేసి, హీలియంతో లీకు పరీక్ష పెడతారు. అలాంటి గొట్టాలు 19 కలిస్తే అర మీటరు పొడవున్న ఒక బండిల్. 220 మెగావాట్ల రియాక్టర్లో 306 ఛానళ్ళు, ఛానలుకు 12 బండిళ్ళు, మొత్తం 3672. గొట్టానికి గొట్టం తగలకుండా మధ్యలో చిన్న మెత్తలుంటాయి. కెనడాలో వాటిని బెరీలియంతో అతికించేవారు. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం. ఇక్కడ దాని జోలికి పోకుండా వెల్డింగుతోనే నిలిపే పద్ధతి తెచ్చారు. నాకు ఈ సంస్థ మీద గౌరవం కలిగించిన సంగతుల్లో ఇది పెద్దది. గొప్ప ఆవిష్కరణ అని ఎవరూ పేపర్లో వేయరు, కార్ఖానాలో పనిచేసేవాళ్ళ ఆయుష్షు మాత్రం నిలుస్తుంది.

తారాపూర్ రియాక్టర్ల కథ వేరు. దానికి శుద్ధిచేసి గాఢత పెంచిన యురేనియం కావాలి, అది బయటి నుంచే రావాలి. మొదట ఇస్తూ వచ్చిన అమెరికా ఆపేశాక ఎనభైల్లో ఫ్రాన్స్ ఇచ్చింది. ఆ ముడిసరుకును ఇంధనంగా మలచింది హైదరాబాద్‌లోనే.

ముందుచూపు అన్నివేళలా ఒకేలా లేదు. 2007, 2008 ప్రాంతంలో రియాక్టర్లు సామర్థ్యంలో సగానికి దగ్గరగా నడవాల్సి వచ్చింది. యంత్రాలున్నాయి, మనుషులున్నారు, యురేనియం లేదు. గనుల పని రియాక్టర్ల వెంట పరుగెత్తలేకపోయింది. 2008 సెప్టెంబరులో అణు సరఫరా దేశాల బృందం మన దేశానికి అణు వ్యాపారంలో మినహాయింపు ఇచ్చాక రష్యా, కజాఖ్‌స్తాన్‌ల నుంచి సరుకు వచ్చి ఊపిరాడింది. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, శుద్ధి కర్మాగారం 2012కు గాని పనిలోకి దిగలేదు.

ఉత్సవ సంచికల్లో సాధారణంగా రాయని ఇంకో విషయం ఉంది. పైన చెప్పిన శుద్ధి అంతా నైట్రిక్ ఆమ్లం మీద నడిచేదే. దాని వెంట నైట్రేట్ కలిసిన వ్యర్థ జలం తప్పదు. చుట్టుపక్కల కాలనీల బోరు నీళ్ళలో నైట్రేట్ గురించి ఫిర్యాదులు వచ్చాయి, పత్రికల్లోనూ రాశారు. కార్ఖానా వచ్చినప్పుడు నగరం దూరంగా ఉండేది, ఇప్పుడు గోడ దాకా ఇళ్ళే. నగరం తోసుకొచ్చిందని సరిపెట్టుకుంటే చాలదు. కవలలను విడదీయగలిగిన రసాయన శాస్త్రానికి నీళ్ళలో నైట్రేట్ మరీ పెద్ద లెక్క కాకూడదు.

ఇప్పుడు ఇంధనం తయారీ పనిని రెండు ఊళ్ళకు పంచుతున్నారు. 2017లో కేంద్రం 700 మెగావాట్ల రియాక్టర్లు పదింటికి ఒకేసారి అనుమతి ఇచ్చింది. వాటి బండిల్‌లో 19 కాదు, 37 గొట్టాలు. 700 మెగావాట్ల రియాక్టర్ల కోసం రావత్‌భాటా దగ్గర ఎన్‌ఎఫ్‌సీ ఇంకో ప్రాంగణం తలపెట్టింది. దేశపు కరెంటులో అణు విద్యుత్తు వాటా ఇంకా మూడు శాతం దగ్గరే ఉంది కాబట్టి ఆ పది రియాక్టర్లూ అనుకున్న వేళకు రావాలి. వాటికి సరిపడా యురేనియం మన గనుల నుంచి ఎంత వస్తుందన్నది మాత్రం మౌలాలిలో తేలే లెక్క కాదు. జాదుగూడలో, తుమ్మలపల్లెలో తేలాలి.