తిలంగా సిపాయిలు – ‘యుద్ధ జాతుల’ కథ



రిటైరయ్యాక పుదుచ్చేరి గోరిమేడులో స్థిరపడ్డాను. జిప్‌మర్ ఆసుపత్రి పక్కనే కాబట్టి వయసు మీద పడుతున్నవాళ్ళకి అనుకూలమైన చోటు. తెల్లవారుజామున నడకకి వెళ్ళడం అలవాటు. ఆ దారిలో యానాం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక కుర్రాడు రోజూ పరుగు తీస్తూ కనిపించేవాడు. అగ్నివీర్ భర్తీకి తయారవుతున్నాడు. నేను ఫౌజీనని తెలిశాక దగ్గరికొచ్చి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు:

“బాబాయ్ గారూ, సిక్కులకి రెజిమెంటు ఉంది, గుర్ఖాలకి ఉంది, జాట్లకి, రాజ్‌పుత్‌లకి ఉంది. మన తెలుగోళ్ళకి ఎందుకు లేదు? మనం యుద్ధానికి పనికిరామనా?”

“పనికిరాకపోతే నేను 28 ఏళ్ళు ఏం చేశానురా!” అని నవ్వేశాను. కానీ ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఎందుకంటే ఇదే మాట నేను 1986లో భర్తీ అయిన కొత్తలో మరో రకంగా విన్నాను. ఉత్తరాదిలో ఒక కోర్సుకి వెళ్ళినప్పుడు అక్కడి సీనియర్ ఒకాయన అందరి ముందూ అన్నాడు, “మద్రాసీలు కాగితం పనికి బాగుంటారు, లడాయికి కాదు” అని. అప్పుడు నాకు జవాబు తెలియదు. తర్వాత దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను ఇంటర్మీడియట్ దాకా చదివినవాణ్ణి, చరిత్ర పండితుణ్ణి కాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

పేరు మనదే

ఒకప్పుడు ఉత్తర హిందుస్థానంలో సిపాయిని ‘తిలంగా’ అనేవారు. తెలుగు దేశం నుంచి వచ్చినవాడు అని దాని మూలం. 1756లో కలకత్తా నవాబు చేతికి పోయినప్పుడు, క్లైవు మద్రాసు నుంచి ఓడల మీద తెల్ల సోల్జర్లతో పాటు మన దక్షిణాది సిపాయిల్ని కూడా తీసుకెళ్ళాడు. 1757 జూన్ 23న ప్లాసీలో వీళ్ళున్నారు. అక్కడ కొత్తగా లేచిన బెంగాల్ పల్టన్లకి నమూనా వీళ్ళే. దాంతో ఎర్రకోటు తొడిగిన ప్రతివాణ్ణీ అక్కడి జనం తిలంగా అన్నారు. వాడు అవధ్ బ్రాహ్మణుడైనా సరే, భోజ్‌పూర్ రాజ్‌పుత్ అయినా సరే, తిలంగాయే అన్నమాట.

మనం ఉంటున్న ఈ పుదుచ్చేరిని ఇంగ్లీషువాళ్ళు 1761లో, 1778లో, మళ్ళీ 1793లో ముట్టడించి పట్టుకున్నారు. ఆ మూడుసార్లూ కందకాలు తవ్విందీ, కాల్పులకి ఎదురెళ్ళిందీ ఎక్కువగా మద్రాసు సిపాయిలే. కోట లోపల ఫ్రెంచివారి పక్షాన నిలబడిందీ మన దక్షిణాదివాళ్ళే. బీచి రోడ్డు మీద గాలికి నడుస్తున్నప్పుడు ఈ సంగతి ఎంతమందికి గుర్తొస్తుంది?

ఆ తర్వాత మద్రాసు ఆర్మీ సముద్రాలు దాటి బర్మా యుద్ధాల్లో పోరాడింది. 1840–42లో చైనా యుద్ధానికీ వెళ్ళింది.

నాయకుడు మనిషిని మరిస్తే

సిపాయి మనసు తెలియని నాయకత్వం ఎంత ముప్పు తెస్తుందో 1806లోనే తేలింది. మద్రాసు కమాండర్-ఇన్-చీఫ్ సర్ జాన్ క్రాడక్ హయాంలో కొత్త తలపాగా వచ్చింది. దాని మీద తోలు కుచ్చు. గడ్డాలు కత్తిరించాలి, నుదుటి మీద బొట్టు, నామం ఉండకూడదు. తోలు హిందువుకీ పనికిరాదు, ముస్లిముకీ అనుమానమే. కాదన్నవాళ్ళలో ఇద్దరికి, ఒక హిందువుకీ ఒక ముస్లిముకీ, చెరో 900 కొరడా దెబ్బలు శిక్ష వేశారు. జూలై 10 తెల్లవారకముందే వెల్లూరు కోట భగ్గుమంది. వందమందికి పైగా తెల్ల సోల్జర్లు చనిపోయారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ అశ్విక దళంతో వచ్చాక జరిగిన ప్రతీకారంలో మనవాళ్ళు వందల మంది పోయారు. చివరికి గవర్నర్ బెంటింక్‌నీ, క్రాడక్‌నీ కూడా వెనక్కి పిలిపించారు. ఒక దర్బారు పెట్టి సుబేదార్లని “మీ జవాన్లు ఏమనుకుంటున్నారు?” అని మనసు విప్పి అడిగి ఉంటే సరిపోయేదేమో!

1857 – ఎటువైపు ఎవరు?

1857 మే 10న మీరట్‌లో లేచిన సిపాయిలు మర్నాడు ఢిల్లీ చేరినప్పుడు అక్కడి జనం “తిలంగాలు వచ్చారు” అన్నారు. విచిత్రం ఏమిటంటే వాళ్ళలో తెలుగువాళ్ళు లేరు. అసలు తెలుగు సిపాయిలున్న మద్రాసు ఆర్మీ చాలావరకు తిరగబడలేదు. 8వ మద్రాసు అశ్విక దళం మాత్రం బెంగాల్ వెళ్ళడానికి ఒప్పుకోలేదని దాన్ని రద్దు చేశారు. మద్రాసు సాపర్లనీ, కొన్ని పదాతి పల్టన్లనీ తిరుగుబాటు అణచడానికి ఉత్తరాదికి పంపారు.

దాన్ని మనం ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అంటాం. అది సరైన మాటే. కానీ ఫౌజీ కళ్ళతో చూస్తే అది ఇంటిపోరు కూడా. సిక్కు, గుర్ఖా, మద్రాసీ ఒకవైపు, పూర్బియా మరోవైపు. ఆనాటి సిపాయికి దేశం అంటే తన పల్టన్, తను తిన్న ఉప్పు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని వాళ్ళని ద్రోహులనడం నాకు నచ్చదు.

ఆ పోరులో జాతి ద్వేషం ఎంతదాకా పోయిందో చెప్పడానికి జేమ్స్ నీల్ ఒక్కడు చాలు. మద్రాసు ఫ్యూజిలియర్స్ అనే తెల్ల పల్టన్‌కి అతను నాయకుడు. కాన్పూరు బీబీఘర్‌లో ఇంగ్లీషు ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపారు. అది ఘోరమే, సందేహం లేదు. దానికి బదులుగా నీల్, పట్టుబడినవాళ్ళ చేత ఉరితీసే ముందు ఆ నెత్తుటి మరకలు నాలుకతో శుభ్రం చేయించాడు. ఎవడు చేశాడు, ఎవడు చేయలేదు అన్న విచారణ నామమాత్రం. కులం చెడాలి, మనిషి అవమానంతో చావాలి, అదీ ఉద్దేశం. 1857 సెప్టెంబరులో లక్నోలో అతను చనిపోయాడు. మద్రాసు మౌంట్ రోడ్డులో విగ్రహం పెట్టారు. 1927లో ఆ విగ్రహం తీసేయాలని సత్యాగ్రహం జరిగింది. రాజాజీ ప్రభుత్వం వచ్చాక 1937లో దాన్ని రోడ్డు మీద నుంచి తొలగించి మ్యూజియానికి పంపారు.

రాబర్ట్స్ గారి లెక్క

తిరుగుబాటు అణిగాక లెక్కలు మారాయి. అంతకుముందు మేటి సిపాయిలని పొగిడిన పూర్బియాలు ఒక్కసారిగా పనికిరానివాళ్ళయ్యారు. కంపెనీకి సాయపడ్డ పంజాబీలు, గుర్ఖాలు ‘యుద్ధ జాతులు’ అయ్యారు. సరే, విశ్వాసానికి బహుమతి అనుకుందాం. మరి మద్రాసు సిపాయి? అతనూ తిరగబడలేదు కదా? అయినా 1862 నుంచే మద్రాసు పల్టన్లని ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ వచ్చారు.

1881 నుంచి 1885 దాకా మద్రాసు కమాండర్-ఇన్-చీఫ్‌గా ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఉన్నాడు. 1885లో హిందుస్థాన్ మొత్తానికి కమాండర్-ఇన్-చీఫ్ అయ్యాడు. దక్షిణాదిలో చాలాకాలం శాంతి ఉండడంతో ఇక్కడివాళ్ళలో పోరాట పటిమ చచ్చిపోయిందని తేల్చాడు. ఆ అభిప్రాయాన్నే 1897లో వచ్చిన తన ఆత్మకథలోనూ రాసుకున్నాడు. అతని దృష్టంతా అఫ్గాన్ సరిహద్దు మీద, రష్యా భయం మీద. చలిదేశం వాడు ధైర్యవంతుడు, వేడిదేశం వాడు మెత్తనివాడు అన్నది ఆనాటి ‘శాస్త్రం’.

ఇందులో ఒక చక్రం ఉంది. మద్రాసు పల్టన్లకి సరిహద్దు యుద్ధాలు తక్కువ. యుద్ధం లేనిచోట పతకాలు, ప్రమోషన్లు ఉండవు. అందుకని చురుకైన ఆఫీసర్లు అక్కడికి రావడానికి ఇష్టపడరు. నాయకత్వం వాడిపోతుంది, పల్టన్ దిగజారుతుంది. అప్పుడు తప్పు ఎవరిది అంటారు? జాతిది! ఆఫీసర్ల లోపాన్ని జవాను రక్తంలో వెతికారన్నమాట.

1890 ప్రాంతంలో కొన్ని మద్రాసు పల్టన్ల నంబర్లు అలాగే ఉంచి, లోపలి మనుషుల్ని మార్చేశారు. తర్వాత పేరు తెచ్చుకున్న 10వ గుర్ఖా రైఫిల్స్ మొదట 10వ మద్రాసు పదాతి దళం నంబరుతోనే నడిచింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి పదాతి దళాల్లో తెలుగువారి భర్తీ దాదాపు ఆగిపోయింది. 1920వ దశకం ముగిసేలోపు మద్రాసు పదాతి పల్టన్లే లేకుండా పోయాయి. సాపర్లు మాత్రం నిలిచారు. హిట్లరు మీద, జపాను మీద యుద్ధం వచ్చి మనుషులు చాలనప్పుడు ఆ ‘మెత్తనివాళ్ళే’ మళ్ళీ గుర్తొచ్చారు. మద్రాస్ రెజిమెంటు మళ్ళీ లేచింది. పశ్చిమ గోదావరి మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళు ఇంటింటి నుంచీ కొడుకుల్ని పంపాయి.

అమెరికాలోనూ ఇదే కథ

ఇది మన దేశంలో మాత్రమే జరిగింది కాదు. ఇంచుమించు అవే సంవత్సరాల్లో, 1861 నుంచి 1865 దాకా, అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం జరిగింది. బానిసత్వం దానికి మూలం. మొదట్లో ఉత్తరాది సేనలో నల్లవారిని సిపాయిలుగా చేర్చుకోలేదు. “తుపాకీ ఇస్తే పారిపోతారు” అన్నారు. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన తర్వాతే పెద్ద ఎత్తున భర్తీ మొదలైంది. యుద్ధం ముగిసేసరికి సుమారు 1,80,000 మంది నల్ల సిపాయిలు పనిచేశారు.

సేనానాయకుల మధ్య కూడా తేడా చూడండి. గ్రాంట్ వాళ్ళని చేర్చుకోవడాన్ని సమర్థించాడు. షెర్మన్ గొప్ప వ్యూహకర్త, కానీ వాళ్ళని పోరాట దళాలుగా తన వెంట తీసుకెళ్ళడానికి ఇష్టపడలేదు. 54వ మాసచూసెట్స్ పల్టన్‌కి రాబర్ట్ షా అనే 25 ఏళ్ళ తెల్ల కల్నల్ నాయకుడు. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టలకి 3 కోత. ఆ పల్టన్ జవాన్లు “ఇస్తే సమానంగా ఇవ్వండి, లేకపోతే అక్కర్లేదు” అని నెలల తరబడి జీతం ముట్టకుండానే పోరాడారు. 1863 జూలై 18న వాగ్నర్ కోట మీద దాడిలో షా ముందు నడిచి చనిపోయాడు. అవమానించాలని శత్రువులు అతన్ని తన జవాన్లతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు. అతని తండ్రి మాత్రం తన కొడుకుకి అంతకన్నా గౌరవమైన చోటు లేదన్నాడు. 1864 జూన్‌లో సమాన జీతం చట్టం వచ్చింది. ఆ దాడిలో గాయాలతో జెండా కిందపడకుండా తెచ్చిన సార్జెంట్ విలియం కార్నీకి పతకం 1900లో గానీ అందలేదు!

అవే జాతులు, అవే చేతులు. నమ్మిన నాయకుడి కింద ఒకలా, నమ్మని నాయకుడి కింద ఒకలా కనిపించాయి.

నా తప్పు ఒకటి

రాబర్ట్స్‌ని తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. 2004లో నేను నాయబ్ సుబేదార్‌గా ఒక ఎత్తైన మంచు ప్రాంతంలో ప్లాటూన్ చూస్తున్నాను. పెట్రోలింగ్‌కి పేర్లు రాసేటప్పుడు సముద్రతీరం నుంచి వచ్చిన ఒక బక్కపలచని జవానుని ప్రతిసారీ లంగర్ డ్యూటీకి వేసేవాణ్ణి. బెస్తవాళ్ళ పిల్లాడు, కొండలు ఎక్కలేడులే అని నా లెక్క. ఒకరోజు సావధాన్‌లో నిలబడి అడిగాడు: “సాబ్, మీరు నన్ను చూసి వేస్తున్నారా, మా ఊరిని చూసి వేస్తున్నారా?”

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు వాణ్ణి తీసుకెళ్ళాను. తిరుగు దారిలో ఇంకొకడి కాలు బెణికితే వాడి సామాను కూడా మోసుకొచ్చింది ఆ కుర్రాడే. నన్ను “కాగితం పనికి బాగుంటారు” అన్న మనిషికీ నాకూ తేడా ఏముంది? ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

యానాం కుర్రాడికి జవాబు

మర్నాడు ఆ అబ్బాయికి ఇలా చెప్పాను. “మన పేరుతో రెజిమెంటు లేకపోవడానికి కారణం మన నెత్తురు కాదురా నాయనా, నూరేళ్ళ కిందటి ఒక అభిప్రాయం. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో అన్ని ప్రాంతాలవాళ్ళతో గార్డ్స్ లేచింది. అగ్నిపథ్ భర్తీ కూడా అఖిల భారత, అన్ని వర్గాల పద్ధతిలోనే పెట్టారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఆయన నడిపింది 16 బిహార్ పల్టన్‌ని. ఒకప్పుడు పనికిరానివాళ్ళన్న పూర్బియాల నేల అది. ఆ జవాన్లు ఈయన ఏ జాతి అని చూశారా? ముందు ఎవరు నడుస్తున్నారని చూశారు. రేపు నీ కింద నలుగురు ఉంటే, నువ్వూ వాళ్ళ ఊరిని చూడకు, వాళ్ళని చూడు.”

“సరే బాబాయ్ గారూ” అని వాడు మళ్ళీ పరుగందుకున్నాడు. నా నడక వేగం వాడికి ఎక్కడ సరిపోతుంది!

మన సంఘంలో సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి నా మనవి కూడా అదే. పేర్ల జాబితా రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి.

జై హింద్.