దొరికిన పెట్టె: కంప్యూటర్లు, జోకులు, మన చరిత్ర

పోస్టు కాస్త పెద్దదే. మెస్సు లైన్లో నిలబడి చదువుకున్నా పర్లేదు గానీ చివరిదాకా చదవండి.

మేం ఆరుగురం. విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్నాం. మాలో ఇద్దరు కోయ, ఒకరు కొండదొర, ఒకరు సవర, ఇద్దరు ఎరుకల. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొదటి సంవత్సరంలో ఒక సీనియర్ అన్న ల్యాబ్‌లో "ప్రోగ్రామ్‌లో బగ్ ఉందట, కాస్త స్ప్రే కొట్టండ్రా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. రాత్రి వరండాలో కూర్చుని ఒకర్నొకరు అడిగితే తేలిందేంటంటే, ఆరుగురిలో ఒక్కరికీ ఆ జోకు అర్థం కాలేదు.

ఆ రాత్రే ఒక నోట్‌బుక్ పెట్టాం. అర్థం కాని మాట, అర్థం కాని జోకు ఏది విన్నా అందులో రాయాలి, తర్వాత వెతికి పట్టుకోవాలి. ఈ పోస్టు ఆ నోట్‌బుక్‌లోంచి వచ్చిందే.

మొదటి పేజీలో బగ్. బగ్ అంటే పురుగు. యంత్రంలో తెలియకుండా వచ్చే లోపాన్ని పురుగు అనడం కంప్యూటర్లకంటే పాతది. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. 1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ వాళ్ల మార్క్ 2 యంత్రం సరిగా పనిచేయలేదు. అది రిలేలతో నడిచే యంత్రం. రిలే అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చు. రెండు రేకులు తాకితేనే కరెంటు పారుతుంది. తెరిచి చూస్తే రిలేలో ఒక చిమ్మట పురుగు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, పురుగు నిజంగానే దొరకడం ఇదే మొదలు అన్న అర్థంలో సరదాగా ఒక ముక్క రాశారు. ఆ పేజీ ఇప్పుడు అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. మాట ముందే ఉంది, పురుగు తర్వాత వచ్చింది. జోకు అక్కడ ఉంది. మాకు తెలిసేసరికి క్లాసు నవ్వి మూడు రోజులైంది. మేం అప్పుడు మళ్లీ నవ్వాం, ఈసారి నిజంగా.

రెండో ప్రశ్న: ఇలా యంత్రాల మీద జోకులేసుకునే అలవాటు ఎవరు మొదలుపెట్టారు? వెతుక్కుంటూ పోతే అమెరికాలోని ఎంఐటీ కాలేజీలో బొమ్మ రైళ్ల క్లబ్బు దగ్గర తేలాం. 1946లో పెట్టిన క్లబ్బు అది. బల్ల మీద బొమ్మ రైళ్లు తిరుగుతుంటే, బల్ల కింద వైర్లు, స్విచ్చులు, రిలేల అడవి ఉండేది. అందులో చాలా సామాను టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రకం, దానంగా వచ్చింది. 1958లో టీఎక్స్-0 అనే కంప్యూటర్ ఆ కాలేజీకి వచ్చాక ఈ కుర్రాళ్లు రాత్రిళ్లు దాని దగ్గరే పడుండేవాళ్లు. హ్యాకర్ అనే మాట కంప్యూటర్లకి అతుక్కున్నది వాళ్ల దగ్గరే. తాళం వేసిన గదిలో పనిముట్టు కావాలంటే రాత్రి తాళం తీసుకుని తెచ్చుకునేవాళ్లు. పుస్తకాల్లో దాన్ని కుర్రతనం కింద, తెలివితేటల కింద రాశారు.

ఆ వాక్యం మీద మా వరండాలో చాలాసేపు మాటల్లేవు. ఎందుకో కింద చెప్తాం.

మన దేశం సంగతికి వద్దాం. ఇక్కడ కంప్యూటర్ల చరిత్రలో తుక్కు సామానుకి పెద్ద పాత్రే ఉంది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1953లో సమరేంద్ర కుమార్ మిత్ర బృందం లెక్కలు చేసే ఎలక్ట్రానిక్ యంత్రం ఒకటి కట్టింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన సామాను కలకత్తా పాత సామాన్ల కొట్లలో దొరికేది. వాళ్లకి కావాల్సిన భాగాలు కొన్ని అక్కడ ఏరుకున్నవే.

తర్వాత ఐబీఎం కథ. 1959లో అమెరికాలో 1401 అనే కంప్యూటర్ విడుదల చేశారు. అక్కడ పాతబడ్డ 1401లను ఇక్కడికి తెచ్చి, బాగుచేసి, మన ఆఫీసులకి అద్దెకిచ్చేవాళ్లు. అంటే ఒకళ్లకి పాతది మనకి కొత్తది. విదేశీ కంపెనీలు ఇక్కడి వాటా తగ్గించుకోవాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో 1978లో ఐబీఎం దేశం వదిలి పోయింది. మరి ఆ యంత్రాలు ఎవరు చూడాలి? ఆ పని సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ తీసుకుంది. మన ఇంజినీర్లు వాటిని విప్పి, బిగించి, నడిపించారు.

ఇంకో సంగతి మన గ్రూపులో చాలామందికి తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లో మొదలైంది. ఈ దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లు టీడీసీ రకానివి, 1969లో వచ్చిన టీడీసీ-12తో మొదలు. ఆ ఈసీఐఎల్‌ని నిలబెట్టిన ఎ.ఎస్. రావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. మన మన్యంలో మనవాళ్లతో కలిసి 1922 నుంచి 1924 దాకా పోరాడిన అల్లూరి సీతారామరాజు సొంతూరు కూడా ఆ మోగల్లే.

ఇప్పుడు మా పెట్టె సంగతి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహం. నీళ్లు తీశాక వీధుల్లో పరుపులు, ఫ్రిజ్‌లు, టీవీలు గుట్టలుగా పడేశారు. మేం బురద ఎత్తడానికి వెళ్లాం. ఒక డీటీపీ షాపు ముందు చెత్తలో సీపీయూ పెట్టె కనపడింది. షాపాయన్ని అడిగితే "తీసుకోండి బాబూ, నాకిక పనికిరాదు. డిస్కులో మా అమ్మాయి పెళ్లి ఫొటోలున్నాయి, వస్తే మాత్రం చెప్పండి" అన్నారు.

పెట్టె భుజాన పెట్టుకుని సందు దాటామో లేదో ఇద్దరు ఆపారు. ఎవర్రా మీరు, ఎక్కడిది ఇది, ఎవరింట్లో ఎత్తుకొచ్చారు అన్నారు. ఐడీ కార్డులు చూపించాం. ఊరు పేరు అడిగారు. మాలో ఎరుకల తమ్ముడు తన ఊరు చెప్పగానే వాళ్లు ఒకర్నొకరు చూసుకున్నారు. చివరికి షాపాయన పరిగెత్తుకొచ్చి "నేనే ఇచ్చాను" అంటే గానీ వదల్లేదు.

ఆ చూపుకి చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్లని పుట్టుకతోనే దొంగల జాబితాలో వేశారు. చీరాల, బాపట్ల మధ్య స్టువర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి, నడపడానికి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరే ఆ ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద ఊరూరా చేరవేసిన వాళ్ల బతుకుని అలా కట్టేశారు. చట్టం 1952లో పోయింది. చూపు పోలేదు.

ఎంఐటీ కుర్రాళ్లు తాళం తీస్తే కుర్రతనం. మేం అడిగి తెచ్చుకుంటే దొంగతనం. మా నోట్‌బుక్‌లో ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే రాసుకున్నాం. వాళ్ల మీద మాకు కోపం లేదు, వాళ్ల కథలంటే ఇష్టమే. కానీ దొరికిన వస్తువు దొరికిన చేతిని బట్టి పేరు మార్చుకుంటుందని మాకు ఆ రోజు తెలిసింది.

పెట్టెని జవహర్ ఆటోనగర్ తీసుకెళ్లాం. మాలో ఒకడి మేనమామ అక్కడ లారీ బాడీ షెడ్డులో పని. పక్క షెడ్డులో లారీలకి వైరింగ్ చేసే పెద్దాయన చూసి "ముందు ఆరనివ్వండి. తడి ఉండగా కరెంటు ఇస్తే బతికున్న పార్టు కూడా చస్తుంది" అన్నాడు. కంప్యూటర్ ఆయన ఎప్పుడూ విప్పలేదు, కానీ చెప్పింది అక్షరాలా నిజం. తడిసిన పవర్ సప్లై మళ్లీ వాడొద్దన్నాడు, ఎవర్నీ విప్పనివ్వలేదు కూడా. కరెంటు తీసేసినా అందులో కెపాసిటర్లు చార్జి దాచుకుంటాయి. పాత టూత్‌బ్రష్, మొబైల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మదర్‌బోర్డు బురద తీశాం. ర్యామ్ బంగారు రంగు అంచుల్ని రబ్బరుతో తుడిచాం. తలా కొంత వేసుకుని సెకండ్‌హ్యాండ్ పవర్ సప్లై కొన్నాం.

మొదటిసారి స్విచ్చు వేస్తే పెట్టె కూ కూ అని ఆగకుండా అరిచింది. కొండదొర తమ్ముడు "కోడి అరిచింది, తెల్లారినట్టే" అన్నాడు. ర్యామ్ సరిగా కూర్చోకపోతే అలా అరుస్తుందట. తీసి మళ్లీ పెట్టాం. తెర వెలిగింది. తేదీ మాత్రం ఎప్పటిదో పాతది చూపించింది, బోర్డు మీద నాణెమంత బ్యాటరీ చచ్చిపోయింది కదా. "దీనికి వరద సంగతే తెలీదురా" అన్నాడు ఇంకొకడు. అది మా సొంత జోకు. ఎవరికీ వివరం చెప్పక్కర్లేకుండా ఆరుగురం ఒకేసారి నవ్విన మొదటి కంప్యూటర్ జోకు.

డిస్కు మాత్రం మేం ఆన్ చేయలేదు. హార్డ్ డిస్కుకి గాలి ఆడటానికి చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి బురద నీళ్లు పోయుంటే, తిప్పగానే ఉన్నది కూడా గీసుకుపోతుంది. దాన్ని అలాగే షాపాయనకి ఇచ్చి, తెలిసినవాళ్లకి చూపించండి, మీరు మాత్రం కరెంటు పెట్టకండి అని చెప్పాం. పెట్టె ఇచ్చినట్టు ఒక చీటీ రాయించుకున్నాం. ఆ చీటీ ఇప్పుడు పెట్టె లోపలే అంటించి ఉంది. హార్వర్డ్ వాళ్లు పురుగు అంటించుకున్నారు, మేం చీటీ అంటించుకున్నాం.

ఇప్పుడు ఆ పెట్టెలో లినక్స్ నడుస్తోంది. హాస్టల్లో జూనియర్లు దాని మీదే టైపింగ్ నేర్చుకుంటున్నారు. ఒక రాత్రి వాళ్లకి 2018 ఫిబ్రవరి కథ చెప్పాం. ఆ నెల మన "జ్ఞా" అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు, ప్రపంచమంతా ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. కంపెనీ హడావుడిగా ఫిబ్రవరి 19న కొత్త అప్‌డేట్ ఇచ్చింది. "జ్ఞానం తట్టుకోలేకపోయింది" అని పిల్లలు పడీపడీ నవ్వారు. అదే ఏడాది జూన్‌లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి యూనికోడ్‌లో చోటొచ్చింది. సవర భాషకి 1936లో మంగేయి గమాంగో కూర్చిన సొరంగ్ సోంపెంగ్ లిపికి 2012లోనే వచ్చింది. మా సవర తమ్ముడు ఆ పెట్టెలో ఆ అక్షరాల ఫాంట్ ఎక్కించి తన పేరు రాసుకున్నాడు. ఇంటికి ఫొటో పంపితే వాళ్ల నాన్న ఫోన్ చేసి, ఇది ఎవరు రాశారు అని అడిగాడట.

మీ హాస్టల్ స్టోర్‌రూమ్‌లో మూలపడ్డ కంప్యూటర్ ఉందేమో చూడండి. వార్డెన్ గారిని అడగండి, రాతపూర్వకంగా అడగండి, ఇచ్చినట్టు చీటీ తీసుకోండి. తడిదైతే ఆరనివ్వండి. పవర్ సప్లై విప్పకండి. లోపల బల్లి గుడ్లో చీమలో కనపడితే భయపడకండి, అవి అసలైన బగ్స్. ఎక్కడైనా ఆగిపోతే మమ్మల్ని అడగండి, రాత్రి తొమ్మిది తర్వాత వరండాలోనే ఉంటాం.

జోహార్.