డెక్కులో దాగిన చెక్క

ఖఫ్జీ అనగానే చాలామందికి 1991 జనవరి నాటి యుద్ధం గుర్తొస్తుంది, కాస్త పెద్దవాళ్ళకైతే 1960లో జపాన్ కంపెనీకి ఇక్కడి సముద్రంలో దొరికిన చమురు. నా ధ్యాసంతా అంతకు ముందటి చెక్క ఓడల మీద. పక్కనే ఉన్న కువైట్‌లో కట్టిన 'బూమ్' ఓడలకి టేకు మన మలబారు నుంచే వచ్చేది. 1938-39లో ఆలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు ఏడెన్‌లో అలాంటి ఓడెక్కి, తూర్పు ఆఫ్రికా తీరమంతా తిరిగి కువైట్ చేరి, పుస్తకమే రాశాడు.

చెక్కకీ నీటికీ పేచీ ఎప్పుడూ ఉన్నదే. ఆ ఓడల్లో నీటికి పైనుండే చెక్కకి సొరచేప నూనె పూసేవాళ్ళు (వాసన సంగతి అడక్కండి), మునిగే భాగానికి సున్నమూ కొవ్వూ. పలకల సందుల్లో నూనెలో నానిన దూది. ఎండకి డెక్కు పలకలు విడిపోతే కారుతుంది కనుక, సముద్రపు నీళ్ళు పోసి చెక్కని ఉబ్బించడం ఏ దేశపు చెక్క ఓడలోనైనా మామూలే. కారకుండా ఉండాలని తడిపేవాళ్ళన్నమాట! మన తెప్పలది ఇంకో దారి. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి, నీళ్ళు పీల్చిన దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్ళు.

ఫైబర్‌గ్లాస్ పడవలు 1940ల్లో మొదలయ్యాయి. డెక్కు మందంగా పోస్తే బరువు, పలుచగా పోస్తే కాలి కింద ఊగుతుంది. అందుకని రెండు పొరల మధ్య బల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టారు, బిస్కెట్ల మధ్య క్రీములా. ఇక్కడే చిక్కొచ్చింది. చెక్క కంటికి కనబడదు, విప్పి ఆరబెట్టలేం. క్లీటు బిగించడానికి వేసిన ఒక్క బోల్టు రంధ్రం చాలు. ఎండకీ తాళ్ళ లాగుడుకీ సీలెంట్ కొన్నేళ్ళలో వదిలేస్తుంది, లోపలికెళ్ళిన నీళ్ళకి బయటికి దారుండదు. ఖఫ్జీలో వాన తక్కువ కదా అనుకోకండి, ఉక్కపోత రోజుల్లో రాత్రి తేమకే డెక్కు తడుస్తుంది.

మందు మాత్రం సులువే. మిచిగాన్‌లోని గూజన్ సోదరులు 1970ల నుంచి పడవలవాళ్ళకి ఎపాక్సీ అలవాటు చేశారు. రంధ్రం కావలసినదానికంటే పెద్దగా తొలిచి, చుట్టూ చెక్క కాస్త గీకేసి, కింద టేపు అంటించి, చిక్కటి ఎపాక్సీతో నింపాలి. గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకి సరిపడా తొలవాలి. ఇక సీలెంట్ ఓడిపోయినా నీళ్ళు చెక్కని తాకవు. ఇప్పటికే తడిసిందా అంటే, స్క్రూడ్రైవర్ పిడితో పుచ్చకాయని చూసినట్టు కొట్టి చూడటమే. మొద్దుగా పలికితే అనుమానించాల్సిందే.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా పడవల గొడవ కాదు. 2004 సునామీ తర్వాత మన తీరంలోనూ ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. ఫైబర్ తెప్పల లోపల ఉండేది నురుగు. అది చెక్కలా కుళ్ళదు గానీ, పగులులోంచి నీరు చేరితే తెప్ప బరువెక్కుతుంది, ఇంజన్ ఎక్కువ నూనె తాగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో పడవలెలాగూ ఒడ్డునే ఉంటాయి. తొలిచి, ఆరబెట్టి, ఎపాక్సీ పోయడానికి ఆ 61 రోజుల ఎండ చక్కగా సరిపోతుంది.