"క్రోమ్‌లోనే ఓపెన్ చెయ్యండి": ఈ ఒక్క మాట వెనక పదేళ్ళ పంచాయితీ

 

2020 లాక్‌డౌన్ రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన ఉప్పల్, నాచారం, హబ్సిగూడ వైపు ఏ వాట్సాప్ గ్రూప్ తెరిచినా ఒక మెసేజ్ కనిపించేది. "లింక్ పంపాం, దయచేసి క్రోమ్‌లోనే ఓపెన్ చెయ్యండి." ట్యూషన్ సార్ అదే అంటాడు, ఇంటర్వ్యూకి పిలిచిన హెచ్‌ఆర్ అదే అంటుంది. ఎందుకు క్రోమ్‌లోనే? ఫోన్ చేసేటప్పుడు "మీది ఏ కంపెనీ ఫోన్?" అని ఎవరూ అడగరు కదా. ఎయిర్‌టెల్ నుంచి జియోకి, నోకియా నుంచి శామ్‌సంగ్‌కి కాల్ పోతుంది. మరి బ్రౌజర్ దగ్గరకి వచ్చేసరికి ఈ కండిషన్ ఏంటి? ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

ముందు పాత రోజులకి వెళ్దాం. మన దగ్గర ఇంటర్నెట్ సామాన్యులకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడాన్ని ప్రభుత్వం చట్టబద్ధం చేసింది 2002 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడాలంటే ఐఎస్‌డీ బూత్‌కి పోవాలి, మీటర్ వైపు చూస్తూ మాట్లాడాలి. "బాగున్నావా, తిన్నావా" అనేలోపే వందలు అయిపోయేవి.

2003లో స్కైప్ వచ్చింది. చాలా తెలుగు ఇళ్ళల్లో అమ్మానాన్నలు కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది స్కైప్ కోసమే. పిల్లలు ఇండియా వచ్చినప్పుడు హెడ్‌ఫోన్ కొనిచ్చి, ఐడీ క్రియేట్ చేసి, పాస్‌వర్డ్ డైరీలో రాసిచ్చి వెళ్ళేవాళ్ళు. కానీ ఒకటి గమనించండి. స్కైప్ నుంచి స్కైప్‌కే ఉచితంగా మాట్లాడొచ్చు. యాహూ మెసెంజర్ వాడేవాడు స్కైప్ వాడేవాడితో మాట్లాడలేడు. బ్రౌజర్‌కేమో అసలు కెమెరా, మైక్ ముట్టుకునే దారే లేదు. ఫ్లాష్ లాంటి ప్లగిన్ పెట్టుకుంటేనే పని జరిగేది.

ఇది ఎలాంటిదంటే, ఒకప్పుడు మన రైల్వేలో మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ ఉండేవి గుర్తుందా? మీకు గుర్తుండదు, ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. గేజ్ మారిన స్టేషన్లో సామాను దించుకుని ఇంకో బండి ఎక్కాల్సిందే. పట్టాలు రెండూ ఇనుమే, ఇంజన్లు రెండూ లాగుతాయి, కానీ పట్టాల మధ్య దూరం వేరు. కమ్యూనికేషన్‌లో కూడా అదే సమస్య. టెక్నాలజీ ఉంది, కొలతే కుదరలేదు.

ఇప్పుడు అసలు కథ. 2010లో గూగుల్ రెండు కంపెనీల్ని కొనేసింది. ఒకటి ఆన్2, వీడియోని కుదించే వీపీ8 వీళ్ళ తయారీ. రెండోది గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్, నెట్ స్లోగా ఉన్నా మాట తెగిపోకుండా వినిపించడంలో ఘనులు. దీనికి గూగుల్ పెట్టింది దాదాపు 6.8 కోట్ల డాలర్లు. ఆ మరుసటి ఏడాది, 2011 మే నెలలో, మైక్రోసాఫ్ట్ స్కైప్‌ని 850 కోట్ల డాలర్లకి కొంటున్నానని ప్రకటించింది. సరిగ్గా అదే రోజుల్లో, 2011 జూన్ ప్రారంభంలో, గూగుల్ తను కొన్న సరుకుని వెబ్‌ఆర్‌టీసీ అనే పేరుతో ఓపెన్ సోర్స్‌గా బయట పెట్టేసింది. ఒకరు వేల కోట్లు పోసి తాళం వేసిన ఇల్లు కొన్నారు, ఇంకొకరు కొన్న ఇంటి తలుపులు తీసి పెట్టారు. ఇందులో గూగుల్ దానగుణమేమీ లేదు. జనం ఎంత ఎక్కువసేపు బ్రౌజర్‌లో ఉంటే గూగుల్‌కి అంత లాభం. లెక్క లేకుండా ఎవరూ ఏమీ ఇవ్వరు.

అదే 2011లో డబ్ల్యూ3సీ, ఐఈటీఎఫ్ అనే రెండు ప్రమాణాల సంస్థలు కమిటీలు వేశాయి. వెబ్ పేజీ రాసేవాడు కెమెరాని ఎలా పిలవాలో డబ్ల్యూ3సీ చూసుకుంటుంది. వైర్ మీద డేటా ఎలా నడవాలో ఐఈటీఎఫ్ చూసుకుంటుంది.

ఇక్కడ రెండు బ్రౌజర్లు ఎలా మాట్లాడుకుంటాయో రెండు నిమిషాల్లో చెప్తాను. పెళ్ళి సంబంధం అనుకోండి. అటువైపు, ఇటువైపు వాళ్ళకి ముఖపరిచయం లేదు. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య ఉంటాడు, అదే సర్వర్. మొదట ఒక వైపు నుంచి బయోడేటా పోతుంది. "నాకు ఈ వీడియో భాషలు వచ్చు, ఈ ఆడియో భాషలు వచ్చు, నా అడ్రస్ ఇది." దీన్ని ఎస్‌డీపీ అంటారు. అటు నుంచి జవాబు బయోడేటా వస్తుంది. ఇద్దరికీ కలిసిన భాష ఖాయం చేసుకుంటారు. ఆ తర్వాత పేరయ్య అవసరం లేదు, నేరుగా మాట్లాడుకుంటారు.

కానీ అడ్రస్ దగ్గర ఒక చిక్కుంది. మీరు నాచారంలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. మీ అడ్రస్ ఏంటంటే "ఫ్లాట్ 302" అంటారు. బయటివాడికి దాంతో ఏం పని? హైదరాబాద్‌లో 302లు లక్ష ఉంటాయి. మన ఫోన్లు, వైఫైలు అన్నీ అలాగే రౌటర్ వెనక దాక్కుని ఉంటాయి. అందుకే స్టన్ అనే సర్వర్‌ని అడుగుతాం: "బయట నుంచి చూస్తే నా అడ్రస్ ఎలా కనిపిస్తోంది?" అది చెప్తుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ మరీ స్ట్రిక్ట్, అడ్రస్ తెలిసినా లోపలికి రానివ్వడు. అప్పుడు టర్న్ అనే సర్వర్. ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర వరంగల్ బస్ కండక్టర్‌కి పార్సిల్ ఇచ్చి "అక్కడ మావాడు తీసుకుంటాడు" అంటాం చూశారా, అదే. చేరుతుంది, కానీ ఖర్చు ఎక్కువ, కొంచెం లేటు. ఈ దారులన్నీ వరుసగా ట్రై చేసి పని చేసేదాన్ని ఎంచుకోవడాన్ని ఐస్ అంటారు.

ఇంత బాగా రాసుకున్నాక ఇంకేంటి గొడవ? గొడవలు మూడు.

మొదటిది, పేర్ల గొడవ. ప్రమాణం ఇంకా ఖాయం కాలేదు కాబట్టి ఒక్కో బ్రౌజర్ ఒక్కో ముందుపేరు తగిలించింది. కెమెరా అడగాలంటే క్రోమ్‌లో "వెబ్‌కిట్ గెట్ యూజర్ మీడియా", ఫైర్‌ఫాక్స్‌లో "మోజ్ గెట్ యూజర్ మీడియా". పని ఒకటే, పిలిచే పేరు వేరు. డెవలపర్లు ప్రతిదీ రెండుసార్లు రాసుకునేవాళ్ళు. ఈ బాధ తప్పించడానికి అడాప్టర్.జేఎస్ అనే ఫైల్ వచ్చింది. రెండు పిన్నుల ప్లగ్గుకి, మూడు పిన్నుల సాకెట్టుకి మధ్య మనం పెట్టే కన్వర్టర్ లాంటిది. ఏ బ్రౌజర్‌లో ఉన్నామో చూసుకుని తేడాలు అదే సర్దేస్తుంది. 2013 ఫిబ్రవరిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ టీమ్‌ల వాళ్ళు ఒకరి బ్రౌజర్ నుంచి ఇంకొకరి బ్రౌజర్‌కి వీడియో కాల్ చేసుకుని లోకానికి చూపించారు. ప్లగిన్ లేదు, ఇన్‌స్టాల్ లేదు. ఆ రోజుల్లో అది పెద్ద విషయం.

రెండోది, వీడియో భాష గొడవ. గూగుల్, మొజిల్లా వీపీ8 పెడదాం అన్నాయి, రాయల్టీ కట్టక్కర్లేదు కాబట్టి. సిస్కో, ఎరిక్సన్, యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ళు హెచ్.264 కావాలన్నారు, ఎందుకంటే ఫోన్ చిప్పుల్లో అది ముందే ఉంది, బ్యాటరీ తక్కువ తింటుంది. కానీ దానికి పేటెంట్లు ఉన్నాయి, డబ్బు కట్టాలి. ఫ్రీగా పంచే ఫైర్‌ఫాక్స్ ఎవరికని కడుతుంది? 2013 అక్టోబర్‌లో సిస్కో ఒక మెట్టు దిగింది. తన హెచ్.264 కోడ్‌ని ఉచితంగా ఇస్తాను, రాయల్టీ నేనే కడతాను అంది. 2014 నవంబర్‌లో హవాయిలోని హొనొలులులో ఐఈటీఎఫ్ మీటింగ్ జరిగింది. చివరికి తీర్పు ఏంటంటే, బ్రౌజర్లు రెండూ నేర్చుకోవాల్సిందే. మన ఊరి పెద్దలు చెప్పే రాజీ లాంటిదే. ఎవరూ పూర్తిగా గెలవలేదు, ఎవరూ పూర్తిగా ఓడలేదు, పని మాత్రం ముందుకు కదిలింది.

మూడోది, గుంపు గొడవ. ఇద్దరు మాట్లాడితే సరే, పదిమంది ఉంటే? క్రోమ్ పదిమంది బయోడేటాల్ని ఒకే కవర్‌లో పెట్టి పంపేది. దీని పేరు ప్లాన్ బి. ఫైర్‌ఫాక్స్ ఒక్కో వీడియోకి ఒక్కో కవర్ పెట్టేది. దీని పేరు యూనిఫైడ్ ప్లాన్. ఒకరి కవర్ ఇంకొకరు చదవలేరు. గ్రూప్ కాల్ సర్వీసులు చాలా ఏళ్ళు "క్రోమ్ మాత్రమే" అని బోర్డు పెట్టుకోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. ప్రమాణం యూనిఫైడ్ ప్లాన్ వైపు నిలబడింది. అయినా క్రోమ్ దాన్ని డీఫాల్ట్‌గా పెట్టడానికి 2019 జనవరి దాకా పట్టింది, అంటే 72వ వెర్షన్. పెద్దోడు చెప్పిందే న్యాయం కాలేదు, కానీ పెద్దోడు కదలడానికి టైమ్ మాత్రం తీసుకున్నాడు.

ఈలోగా మైక్రోసాఫ్ట్ 2012లోనే "ఈ బయోడేటా పద్ధతే బాగాలేదు, డెవలపర్‌కి ఇంకా కంట్రోల్ కావాలి" అని వేరే ప్రతిపాదన పెట్టింది. 2015లో ఎడ్జ్ బ్రౌజర్‌లో ఓఆర్‌టీసీ అనే వేరే దారి తెచ్చింది. 2017లో ఉమ్మడి దారికి వచ్చింది. కానీ ఆ విమర్శ ఊరికే పోలేదు. ఓఆర్‌టీసీలోని మంచి ఆలోచనలు కొన్ని వెబ్‌ఆర్‌టీసీలోనే కలిసిపోయాయి. యాపిల్ అందరికంటే లేటు. 2017 సెప్టెంబర్‌లో సఫారీ 11తో వచ్చింది, అదీ హెచ్.264 మాత్రమే. వీపీ8 రావడానికి 2019 అయ్యింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మెసేజ్‌కి వద్దాం. "క్రోమ్‌లోనే ఓపెన్ చెయ్యండి." లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చిలో ఐఫోన్ ఉన్న పిల్లాడు ఆ మాట విని క్రోమ్ దించుకుని లింక్ తెరిస్తే ఏమయ్యేది తెలుసా? కెమెరా వచ్చేది కాదు. ఎందుకంటే ఐఫోన్‌లో క్రోమ్ బొమ్మ మాత్రమే క్రోమ్‌ది, లోపల ఇంజన్ యాపిల్‌ది. సఫారీ తప్ప మిగతా బ్రౌజర్లకి కెమెరా, మైక్ ఇవ్వడం యాపిల్ మొదలుపెట్టింది 2020 డిసెంబర్‌లో, ఐఓఎస్ 14.3తో. అంటే ఆండ్రాయిడ్‌లో పనికొచ్చిన సలహానే ఐఫోన్‌లో తలుపు మూసింది. ఆ పిల్లాడు "నెట్ సరిగ్గా లేదేమో" అనుకుని ఉంటాడు. ఇంట్లోవాళ్ళు "వీడు క్లాస్ ఎగ్గొడుతున్నాడు" అనుకుని ఉంటారు. తప్పు ఇద్దరిదీ కాదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. అదే ఏడాది ఏం జరిగిందో చూడండి. జనవరి 9న ఆర్‌బీఐ వీడియోలో కేవైసీకి అనుమతిచ్చింది. ఏప్రిల్ 13న ఈ-సంజీవని ఓపీడీ మొదలైంది, ఇంట్లో కూర్చుని డాక్టర్‌ని చూడొచ్చు. అంతకుముందే 2019 నవంబర్‌లో గ్రామ ఆరోగ్య కేంద్రాల నుంచి పెద్ద డాక్టర్లతో మాట్లాడే ఈ-సంజీవనిని మొదట తెచ్చింది ఆంధ్రప్రదేశే. సెప్టెంబర్ 1న తెలంగాణలో స్కూల్ పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా మొదలయ్యాయి. టీవీ పాఠం ఇంటింటికీ చేరింది, మంచిదే. కానీ టీవీకి చెయ్యెత్తి డౌట్ అడగలేం. అడగాలంటే రెండువైపులా నడిచే వీడియో కావాలి. బ్యాంక్ అకౌంట్, డాక్టర్, టీచర్, ఉద్యోగం, ఇవన్నీ ఒక్క ఏడాదిలో కెమెరా పర్మిషన్ అడిగే ఆ చిన్న డబ్బా వెనక్కి వచ్చేశాయి. ఆ డబ్బా తెరుచుకోకపోతే మనిషి బయటే నిలబడాలి.

చివరికి 2021 జనవరి 26న, మనం రిపబ్లిక్ డే చేసుకున్న రోజునే, వెబ్‌ఆర్‌టీసీ 1.0ని డబ్ల్యూ3సీ అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. కమిటీ కూర్చున్న దాదాపు పదేళ్ళకి.

కథ సుఖాంతం అనిపిస్తుంది కదా? రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. ఒకటి, టెక్నాలజీ కుదిరినంత మాత్రాన దారి తెరుచుకోదు. మన కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ వెళ్ళినవాళ్ళని అడగండి. అక్కడ వాట్సాప్ కాల్స్ మీద ఏళ్ళ తరబడి నియంత్రణలున్నాయి. మెసేజ్ పోతుంది, మాట పోదు. అది బ్రౌజర్ సమస్య కాదు, ప్రభుత్వ నిర్ణయం.

రెండు, 2020 జనవరిలో ఎడ్జ్ కూడా తన సొంత ఇంజన్ వదిలేసి క్రోమియం మీదకి వచ్చేసింది. ఇప్పుడు ప్రధానంగా మిగిలిన ఇంజన్లు మూడే: గూగుల్‌ది, యాపిల్‌ది, మొజిల్లాది. "అందరూ క్రోమే వాడితే ఈ గొడవే ఉండదు కదా" అని చాలామంది అంటారు. నిజమే, గొడవ ఉండదు. కానీ గొడవ పడటానికి ఇంకొకరు ఉండబట్టే ఉమ్మడి రాజీ కుదిరింది, ఫైర్‌ఫాక్స్ పట్టుబట్టబట్టే యూనిఫైడ్ ప్లాన్ నిలిచింది. 2025 మేలో స్కైప్ మూతపడింది. ఒక కంపెనీ తాళం వేసుకుంటే ఆ సర్వీసే పోయింది. వెబ్‌ఆర్‌టీసీ ఎవరి ఇల్లూ కాదు, అందుకే దాన్ని ఒకరు మూసెయ్యలేరు.

కాబట్టి మన పక్కనున్న పిల్లలు ఎవరైనా వెబ్‌సైట్ చేస్తుంటే, ఒక్క మాట చెప్పండి. లింక్ పంపేముందు ఫైర్‌ఫాక్స్‌లో, ఐఫోన్ సఫారీలో, వాట్సాప్ లోపల తెరుచుకునే బ్రౌజర్‌లో ఒక్కసారి చూసుకోమనండి. పది నిమిషాల పని. అవతల ఉన్నది డాక్టర్ కోసం చూస్తున్న పెద్దావిడ కావచ్చు.

మీ ఇంట్లో మొదటి వీడియో కాల్ ఎవరితో, దేని మీద మాట్లాడారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.