ఉద్యోగ విరమణ నిధి: ఎంపిక హక్కు పరిమితమైన ఉద్యోగులు (ఆస్ట్రేలియా)

ఆస్ట్రేలియాలో యజమాని ఉద్యోగికి జీతం ఇవ్వడమే గాక, అతని వృద్ధాప్యం కొరకు ఒక నిధిలో కొంత సొమ్ము జమచేయవలసి ఉంటుంది. ఈ ఏర్పాటును సూపర్‌యాన్యుయేషన్ అని, వాడుకలో సూపర్ అని అంటారు. 2025 జూలై 1 నుండి ఈ సొమ్ము జీతంలో 12 శాతం. ఏ నిధిలో జమచేయాలో నిర్ణయించే హక్కు సాధారణంగా ఉద్యోగిదే. అయితే కొందరికి ఆ హక్కు నేటికీ పరిమితంగానే ఉంది. ఈ వ్యాసం వారిని గురించినది.

ఫిజీ పద్ధతితో పోలిక

ఫిజీ నుండి వచ్చిన కుటుంబాలకు 1966లో ఏర్పడిన ఫిజీ జాతీయ భవిష్యనిధి పరిచయమే. అక్కడ దేశమంతటికీ నిధి ఒక్కటే గనుక ‘ఏ నిధి?’ అన్న ప్రశ్న పుట్టదు. శాశ్వతంగా వలసపోయేవారు తమ సొమ్మును తీసుకొనడానికి ఆ నిధి నియమాలు అనుమతిస్తాయి. అందువలన నడివయస్సులో ఆస్ట్రేలియా చేరినవారి సూపర్ ఖాతా ఆలస్యంగా, సున్నా నుండి మొదలవుతుంది. కూడబెట్టే సంవత్సరాలు తక్కువైన వారికి నిధి వసూలు చేసే రుసుములు, అది తెచ్చే రాబడి మరింత ముఖ్యం.

చరిత్ర

పూర్వం ఇటువంటి నిధులు ఎక్కువగా ప్రభుత్వోద్యోగులకు, కార్యాలయ ఉద్యోగులకు మాత్రమే ఉండేవి. 1986లో కార్మిక సంఘాల కోరికపై, జీతపు పెంపులో భాగంగా 3 శాతం సొమ్మును నిధులలో జమచేయడానికి జాతీయ వేతన తీర్పు మార్గం తెరిచింది. 1992లో చట్టం దానిని దాదాపు ఉద్యోగులందరికీ విస్తరింపజేసింది. సంఘాలు, యజమానులు కలిసి కుదుర్చుకొన్న ఒప్పందాలలోనే నిధి పేరు కూడ వ్రాయడం ఆ కాలంలో ఆచారమైంది. ఉద్యోగి స్వయంగా నిధిని ఎంచుకొనే హక్కు 2005 జూలై 1న అమలులోకి వచ్చింది.

ఎవరికి పరిమితం?

2005 నాటి చట్టం కొందరిని మినహాయించింది. వారిలో ముఖ్యులు:

1. సంస్థాగత ఒప్పందం క్రింద పనిచేసేవారు. ఒప్పందంలో ఏ నిధి పేరు ఉంటే ఆ నిధికే జమ.
2. చివరి జీతాన్ని, పనిచేసిన సంవత్సరాలను బట్టి మొత్తం నిర్ణయమయ్యే పాత తరహా నిధుల సభ్యులలో కొందరు.
3. రాష్ట్ర చట్టాల పరిధిలోని ప్రభుత్వోద్యోగులలో కొందరు.

2020లో చేసిన సవరణ మొదటి వర్గానికి చాలవరకు విముక్తి కలిగించింది. 2021 జనవరి 1న గాని, ఆ తరువాత గాని కుదిరిన ఒప్పందాల క్రింద పనిచేసేవారు తమ నిధిని తామే ఎంచుకొనవచ్చు. అంతకు ముందటి ఒప్పందం, దాని స్థానంలో క్రొత్తది వచ్చేవరకు, పాత నియమాన్నే కొనసాగించగలదు. కనుక ఒకే వృత్తిలో ఉన్న ఇద్దరిలో ఒకరికి ఎంపిక ఉండి, మరొకరికి లేకపోవచ్చు.

లాభనష్టాలు

ఉమ్మడి నిధిని సమర్థించేవారి వాదంలో బలముంది. వేలమంది తరఫున ఒకేసారి బేరమాడితే రుసుములు తగ్గుతాయి. ప్రమాదకరమైన పనులు చేసేవారికి తగిన బీమా దొరుకుతుంది.

నష్టం కూడ చిన్నది కాదు. పగలు గిడ్డంగిలో, సాయంకాలం వృద్ధాశ్రమంలో పనిచేసే వ్యక్తిని ఊహించండి. ఒక్కొక్క ఒప్పందం ఒక్కొక్క నిధిని నిర్దేశిస్తే రెండు ఖాతాలు, రెండు రుసుములు, ఒక్కొక్కప్పుడు రెండు బీమా చెల్లింపులు కూడ. అన్నీ ఆ ఒక్కరి కష్టార్జితం నుండే పోతాయి. ఇటువంటి అనవసరపు ఖాతాలు సుమారు కోటి ఉన్నవని ఆస్ట్రేలియా ఉత్పాదకతా సంఘం 2018 నివేదికలో తెలిపింది. అవి మొత్తం ఖాతాలలో మూడవ వంతు. ఈ వృథాను తగ్గించడానికే 2021 నవంబరు 1 నుండి, క్రొత్త ఉద్యోగి ఏ నిధినీ ఎంచుకొనకపోతే, అతనికి ముందే ఉన్న ఖాతా ఏదో పన్నుల శాఖను అడిగి, అందులోనే జమచేయవలెనని యజమానులను ఆదేశించారు.

ఉద్యోగి చేయదగినవి

ముందుగా తన ఉద్యోగం ఏ ఒప్పందం క్రిందికి వస్తుందో, అది ఏ నాటిదో యజమానిని గాని సంఘాన్ని గాని అడగాలి. ఎంపిక ఉంటే నిధి ఎంపిక పత్రాన్ని నింపి ఇవ్వాలి. తన పేరుతో ఎన్ని ఖాతాలున్నవో ప్రభుత్వపు మైగవ్ ఖాతా ద్వారా చూడవచ్చు. ఖాతాలను కలిపే ముందు పాత ఖాతాలోని బీమా రద్దవుతుందేమో తెలుసుకోవాలి; వయస్సు మీరినవారికి, రోగులకు అదే బీమా మరల దొరకకపోవచ్చు. మరణానంతరం సొమ్ము ఎవరికి చెందాలో నిధికే విడిగా తెలియజేయాలి. వీలునామాలో వ్రాసినంత మాత్రాన చాలదు.

ఒక మాట: ఒప్పందం

మన పూర్వులు పలికిన ‘గిరిమిట్’ అన్న మాట ఆంగ్లంలో ఒప్పందానికి ఉన్న పదం నుండి పుట్టింది. అయిదేండ్లకు సంతకం చేసిన కూలీకి తాను ఏ తోటకు పోవలెనో ఎంచుకొనే వీలు లేదు. ఫిజీ తోటలలో అతి పెద్ద యజమాని సిడ్నీ కేంద్రంగా ఉన్న కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. నేటి సంస్థాగత ఒప్పందాన్ని దానితో సమానమనడం తగదు; దీనిపై ఉద్యోగులు ఓటు వేస్తారు, ఉద్యోగం మానే స్వేచ్ఛ వారికి ఉంది. అయినా సంతకానికి ముందు ఒప్పందాన్ని చదివి తెలుసుకొనే అవకాశం ఆ పూర్వులలో చాలమందికి లేకపోయింది. మనకు ఉంది.