కుండ అడుగున మడ్డి

నిజాం కాలంలో జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. ఆ మెట్ట చెలకల్లో పండిన ఆముదాలన్నీ గానుగకే పోయేవి కావు. ఇళ్లలో ఆడవాళ్లు వాటిని వేయించి, దంచి, నీళ్లలో వేసి మరిగించేవారు. పైకి తేలిన నూనెను తీసి, చెమ్మ ఇగిరేదాకా మళ్లీ కాచేవారు. అదే వంటాముదం. దీపానికీ, తలకూ, పసిపిల్లల ఒంటికీ అదే. ఆ మరుగుకు గింజలోని రైసిన్ విషం కూడా విరిగిపోయేది.

ఆ నీళ్లు మరో పని కూడా చేసేవి. నూనె అణువంటే ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న కట్ట. దానికి నీళ్లు గిట్టవు. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ 1823 నాటి పుస్తకంలో ఈ ఆమ్లాల గుట్టు విప్పాడు. గింజలోనే ఈ నూనెకొక దాయాది ఉంటుంది, ఫాస్ఫోలిపిడ్. దానిలో మూడో ఆమ్లం చోట ఫాస్ఫేటు కూర్చుంటుంది. అందుకే ఆ ఫాస్ఫేటు తలకు నీళ్లు ఇష్టం, మిగిలిన రెండు ఆమ్లాల తోకలకు నూనె ఇష్టం. జీవకణానికి పొర కట్టేది ఇదే. వేడినీళ్లు తగిలితే ఉబ్బి, జిగురై, నూనెను వదిలేస్తుంది.

పచ్చసొనలో దొరికిన ఇలాంటి పదార్థానికి మరో ఫ్రెంచి రసాయనవేత్త గోబ్లే 1850లో లెసిథిన్ అని పేరుపెట్టాడు. గానుగ నూనె కుండ అడుగున దిగేదాన్ని మనవాళ్లు మడ్డి అన్నారు. కాకపోతే ఆ మాటలో పిప్పీ, జిగురూ అన్నీ కలిసిపోయాయి.

తూర్పున గోదావరి వైపు అడవుల్లో ఆముదం కన్నా ఇప్పదే పెత్తనం. మహబూబాబాద్ వైపు కొత్తగూడ, గంగారం, భూపాలపల్లి వైపు పలిమెల కోయపల్లెల్లో ఇప్పనూనె వంటకూ, దీపానికీ పనికొచ్చేది. చలికాలం పొద్దున అది నెయ్యిలా గడ్డకడుతుంది. అందులో దాదాపు సగం పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలే. వాటి తోకలు వంకర లేకుండా సాఫీగా ఉంటాయి కనుక పక్కపక్కనే ఒత్తుగా సర్దుకుంటాయి. ఆముదం చిక్కదనానికి కారణం వేరు: దాని ఆమ్లాల్లో సుమారు 90 శాతం రిసినోలిక్. దాని మధ్యలో ఉన్న ఆక్సిజన్ ముడి అణువులను ఒకదానికొకటి పట్టేస్తుంది.

ఈ సంగతులను అధ్యయనం చేసిన నూనెల శాస్త్రవేత్త కె.టి.అచ్చయ్య హైదరాబాద్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి నూనెల మీద పనిచేసి, 1993లో గానుగ మీదే ఒక పుస్తకం తెచ్చాడు. 1944లో మొదలైన ఆ ప్రయోగశాలే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). తవుడు నూనెలోని మొండి ఫాస్ఫోలిపిడ్లు ఉత్త నీళ్లకు లొంగవు. దానికి అక్కడివాళ్లు ఎంజైమ్ పద్ధతి తయారుచేశారు: ఎంజైమ్ ఒక తోకను కత్తిరిస్తుంది, మిగిలిన ముక్క నీళ్లవైపు జారిపోతుంది.